గ్రిల్ తాళం చెవి

పొద్దున ఎనిమిదింటికే గ్యాస్ బండ వచ్చింది. తెచ్చినాయన సీల్ తీసి, వాషర్ చూసి, పోయేముందు పైపును వేళ్లతో వంచి చూపించాడు. వంగిన చోట సన్నటి పగుళ్లు. నారింజ రంగు వెలిసిపోయినా మీద అచ్చేసిన సంవత్సరం కనిపిస్తూనే ఉంది, 2018. ఐదేళ్లకోసారి మార్చాల్సిన పైపు అది. రోజూ దాని పక్కనే నిలబడి అన్నం వండుతున్నాం, ఒక్కనాడూ వంగి చూడలేదు. మనసు చివుక్కుమంది. కొత్తది వేయించి, రెండు కొసలకూ సబ్బు నురగ పూసి, బుడగలు రావట్లేదని చూసుకున్నాకే పొయ్యి వెలిగించాను.

మా దేవుని గూడు కూడా వంటింట్లోనే. నేలకు జానెడు ఎత్తులో దీపం, పక్కనే ఒత్తుల డబ్బా, కర్పూరం, పైన గాలికి ఊగే క్యాలెండర్. వంట గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. దీపం సరిగ్గా అక్కడే ఉంది. అమ్మతో చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తానే దేవుని పటాలన్నీ నడింట్లోకి మార్చి, దీపం కింద ఇత్తడి పళ్లెం పెట్టింది.

మధ్యాహ్నం బాపమ్మ దగ్గర కూర్చున్నా. పరకాల దగ్గరి ఊళ్లో తాము గుడిసెల్లో ఉన్న కాలం చెప్పింది. వైశాఖంలో గాడ్పు లేస్తే వంట కాగానే పొయ్యిలో నీళ్లు చల్లేవాళ్లట. ప్రతి ఇంటి ముందూ కాగు నిండా నీళ్లు ఉండేవట. పత్తి ఏరి ఇంట్లో కుప్ప పోసిన రోజుల్లో ఆ గదిలోకి చుట్టతో ఎవరినీ రానిచ్చేది కాదు. "పత్తికంటిన నిప్పు పైకి కనవడది బిడ్డా, లోలోపల్నే రాజుకుంటది. నీళ్లు పోసి ఆరిందనుకుంటే తెల్లారి మళ్ల పొగ లేస్తది" అంది. కాసేపాగి, కిటికీ ఊచల వైపు చూస్తూ అంది: "మా వాడల గుడిసె అంటుకుంటే ఎటువడితే అటు ఉరికెటోళ్లం. గిప్పుడు ఎటు ఉరుకుతం?"

ఆ మాట సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. హనుమకొండలో మా గల్లీ నిండా ఇవే ఇళ్లు. కిటికీలకు ఊచలు, ముందర ఇనుప గ్రిల్. దొంగల భయంతో బాపు పదింటికి గ్రిల్‌కు తాళం వేసి, గుత్తి దిండు కింద పెట్టుకుంటాడు.

రాత్రి తిన్నాక కరెంటు మెయిన్ ఆఫ్ చేసి, "బాపూ, ఇప్పుడు గ్రిల్ తాళం తియ్యి" అన్నాను. గుత్తిలో తొమ్మిది తాళం చెవులు. ఒక్కోటి వేళ్లతో తడుముతూ, పెట్టి చూసి, తీసి, మళ్లీ పెట్టి. ఫోన్‌లో రెండు నిమిషాల పది సెకన్లు. అది పొగ లేనప్పుడు. పొగ పైకప్పు నుంచి కిందికి నిండుతుంది, లేచి నిలబడితే ముందు తల అందులోకే పోతుంది. వంగి, నేల మీద పాకుతూ రావాలి. మా బాపమ్మకు పాకడం చేతకాదు. అది తలుచుకుంటేనే నా చేతులు చల్లబడ్డాయి.

బాపు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. గ్రిల్ తాళం చెవిని గుత్తి నుంచి వేరు చేసి ఎర్రదారం కట్టాడు. బయటికెళ్లి ఊచల్లోంచి చెయ్యి పెట్టి, కర్రతో కూడా అందదని చూసుకున్నాకే తలుపు వెనక మేకు కొట్టాడు. బాపమ్మ మంచం ముందర రూంలోకి జరిగింది. ఆమెను ఎత్తుకొచ్చేది తమ్ముడు, వాడి పక్క కూడా అక్కడే. మెయిన్ ముందున్న బియ్యం బస్తాలు జరిపేశాం. అమ్మ గోడ మీద ఫైరింజన్ నంబరు 101, గ్యాస్ లీకైతే 1906 అని పెద్దగా రాయించింది.

ఇది రాస్తుంటే పదకొండైంది. లైట్లన్నీ ఆర్పేశారు. బాపు లేచి, చీకట్లో గోడ తడుముకుంటూ తలుపు దాకా పోయిన చప్పుడు వినిపించింది. తాళం చెవి మేకుకు తగిలి చిన్నగా మోగింది.