తనిఖీకి ముందు రంగులు కాదు, ఆర్వో గది చూడండి

డయాలసిస్ సెంటర్‌కి తనిఖీ అనగానే మనవాళ్లు గోడలకి రంగులు వేయిస్తారు. పని తెలిసినవాళ్లు వస్తే నేరుగా ఆర్వో గదికే, అంటే డయాలసిస్‌కి వాడే నీటిని శుద్ధి చేసే గదికే వెళ్తారు.

డెల్టాలో నీళ్లు ఏడాదంతా ఒకేలా ఉండవు. వేసవిలో కాలువలు కట్టేస్తే బోరే దిక్కు; కోనసీమ తీరం వైపు అది ఉప్పు, ఆర్వో పొరల మీద భారం. వరదల్లో నీరు ఎర్రబడితే క్లోరిన్ గట్టిగా కలుపుతారు. అది, ముఖ్యంగా క్లోరమిన్ (అమ్మోనియాతో కలిసిన క్లోరిన్), దాన్ని పట్టుకునే కార్బన్ ట్యాంకులు దాటి వచ్చిందంటే పేషెంట్ ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అందుకే ఆర్వో 15 నిమిషాలు నడిచాక, మొదటి కార్బన్ ట్యాంకు తర్వాతి కుళాయి దగ్గర శాంపిల్ పట్టాలి. ప్రతి షిఫ్టుకీ ముందు. టోటల్ క్లోరిన్ (విడి క్లోరిన్, క్లోరమిన్ రెండూ కలిపి) లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. ఫ్రీ క్లోరిన్ (విడి క్లోరిన్) మాత్రమే చూపే టెస్ట్ స్ట్రిప్పులకి క్లోరమిన్ దొరకదు. స్ట్రిప్పుల ఎక్స్‌పైరీ కూడా చూడండి, ఎవరూ చూడరు.

బాక్టీరియా కల్చర్‌కి శాంపిల్‌ని, నీటి లైను డిసిన్ఫెక్ట్ చేయకముందే తీయాలి. చేశాక తీస్తే రిపోర్టు ముచ్చటగా వస్తుంది, దేనికీ పనికిరాదు. మిల్లీలీటరుకి 100 కాలనీలు హద్దు, కానీ 50 దగ్గరే కదలాలి. ఎండోటాక్సిన్‌కి (బాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) మిల్లీలీటరుకి 0.25 యూనిట్లు హద్దు, 0.125 దగ్గరే చర్య.

ఈ పరీక్షల రిజిస్టర్‌లో నెలంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒకే అంకె ఉంటే ఎవరికైనా అనుమానమే. అంకె దాటిన రోజు, ఆ రోజు ఏం చేశారన్నది రాసి ఉన్న రిజిస్టరే నమ్మబుద్ధేస్తుంది.

హెపటైటిస్ బి పేషెంట్లకి వేరే గది, వేరే మెషీన్ పెట్టి, అదే షిఫ్టులో అదే నర్సుని వాళ్ల దగ్గరకీ మిగతా పేషెంట్ల దగ్గరకీ తిప్పితే ఏం లాభం? డ్యూటీ చార్టు కూడా సరిచూసుకోండి.