నల్ల విరేచనాన్ని ఐరన్ మాత్రల మీదకు నెట్టిన మూడు వారాలు

చెన్నై విల్లివాక్కంలోని మా ఇంట్లో డికాక్షన్ దిగాక ఫిల్టరు అడుగున మిగిలే కాఫీ పొడిని రోజూ నేనే పారబోస్తాను. ఆ తెల్లవారుజామున నాన్నగారు చేసుకున్న వాంతి అచ్చం ఆ తడిపొడిలాగే కనిపించింది గానీ, అది రక్తమని నాకు తట్టలేదు. రక్తమంటే ఎర్రగానే ఉంటుందన్న నమ్మకం అంత గట్టిది. కడుపులోకి కారిన రక్తం కొంతసేపు అక్కడి ఆమ్లంలో నిలిస్తే ముదురు గోధుమరంగు రవ్వలుగా మారుతుందనీ, అదే రక్తం పేగుల గుండా కిందికి దిగితే విరేచనం తారులా నల్లబడుతుందనీ ఆసుపత్రి అత్యవసర విభాగంలో డాక్టరమ్మ చెప్పిన తరువాత గానీ, గడిచిన మూడు వారాలలో మా కళ్లెదుట జరిగినదేమిటో నాకు బోధపడలేదు.

నాన్నగారికి 72 ఏళ్లు. నెల రోజులుగా మెట్లెక్కితే ఆయాసం, నీరసం అంటుంటే రక్తపరీక్ష చేయించాము. హిమోగ్లోబిన్ తగ్గిందని తేలి, వీధి చివరి క్లినిక్‌లో ఐరన్ మాత్రలు రాసి ఇచ్చారు. ఆ తరువాత కొన్నాళ్లకు, విరేచనం నల్లగా అవుతోందనీ, నీళ్లు రెండుసార్లు పోసినా వదలడం లేదనీ ఆయన అన్నప్పుడు, ఐరన్ మాత్రలు వేసుకుంటే అంతే కదా అని అమ్మ, నేను ఒకే మాటగా తేల్చేశాము. మా మాట పూర్తిగా తప్పు కాదు, ఐరన్ వల్ల మలం నల్లబడటం నిజమే. అయితే ఆ నలుపులో కాస్త పచ్చదనం ఉంటుంది, మలం మామూలుగానే గట్టిగా ఉంటుంది, వాసనలో పెద్ద తేడా ఉండదు. రక్తం జీర్ణమై వచ్చిన విరేచనం నిగనిగలాడుతూ జిగటగా అంటుకుంటుంది, దాని దుర్వాసన ఒకసారి తెలిస్తే మరచిపోయేది కాదు. నీళ్లకు వదలడం లేదన్న ఆయన మాటలోనే సమాధానం ఉంది. పైగా ఆ రక్తహీనతకు కారణమే కడుపు లోపల బొట్టు బొట్టుగా కారుతున్న పుండు కాగా, దానికి వాడిన మందే ఆ పుండు గుర్తును మాకు కనబడనీయకుండా చేసింది.

ఆసుపత్రిలో అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఏ మందులు వాడుతున్నారు అని. బీపీ మాత్ర ఒక్కటే అన్నారు నాన్నగారు. అది అబద్ధం కాదు. మా ఇంట్లో మోకాళ్లకు వేసుకునేది మందు లెక్కలోకి రాదు. దాని పేరు నొప్పి బిళ్ళ. మందుల షాపులో చీటీ లేకుండా కొన్న ఆ డైక్లోఫెనాక్‌ను ఆయన చాలా నెలలుగా దాదాపు రోజూ వేసుకుంటున్నారు. అన్నం తిన్నాకే వేసుకునేవారు కదా అని అమ్మ వాపోయింది. కానీ ఈ బిళ్ళలు చేసే హాని కడుపు గోడకు తగలడం వల్ల మాత్రమే కలగదు. రక్తంలో కలిశాక, కడుపు లోపలి పొరపై జిగురును, దానికి రక్తప్రసరణను నిలిపి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా చేస్తాయి. అందువల్ల తిన్నాక వేసుకున్నా, సూదిమందుగా తీసుకున్నా ప్రమాదం పూర్తిగా తప్పదు. వయసు 65 దాటినా, వాటితో పాటు ఆస్పిరిన్ గానీ స్టెరాయిడ్ గానీ వాడుతున్నా ముప్పు మరింత పెరుగుతుంది.

లక్షణాలు లేకపోలేదు. తిన్న కాసేపటికి రొమ్ము ఎముక కింద మంట, సగం ముద్దలకే కడుపు నిండిపోవడం ఉండేవి. వాటిని గ్యాస్ అన్నాము, అదే షాపులో యాంటాసిడ్ కొన్నాము. చిన్నపేగు మొదటి భాగంలో వచ్చే పుండైతే నొప్పి తరచుగా ఖాళీ కడుపుతో, అర్ధరాత్రి వచ్చి, ఏదైనా తింటే తగ్గుతుందట. నొప్పి బిళ్ళలు వాడే పెద్దవారిలో ఏ నొప్పీ లేకుండా నేరుగా రక్తస్రావంతోనే బయటపడే పుండ్లూ ఉన్నాయి.

చేర్చుకునే సమయానికి హిమోగ్లోబిన్ 6.4కు పడిపోయింది. నాడి మాత్రం నిమ్మళంగానే ఉండటం చూసి నేను కొంత ధైర్యపడ్డాను. ఆయన వేసుకునే బీపీ మాత్ర అటెనలాల్ అనీ, రక్తం పోతున్నా అది నాడిని పెరగనివ్వదనీ తెలిసి ఆ ధైర్యమూ పోయింది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఇంకా ఎక్కించవచ్చు కదా అని అడిగాను. గుండెజబ్బు లేనివారికి హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గినప్పుడే ఎక్కించడం మేలని 2013లో వెలువడిన స్పెయిన్ అధ్యయనం తరువాత స్థిరపడిందని డాక్టరమ్మ ఓపికగా చెప్పారు. ఆ సాయంత్రమే ఎండోస్కోపీ చేశారు. ఇటువంటి రక్తస్రావంలో 24 గంటలలోపు చేయడం పద్ధతి. కడుపు దిగువ భాగంలో పుండు, దాని అడుగున తెరుచుకున్న రక్తనాళం కనిపించాయి. అక్కడే అడ్రినలిన్ ఇచ్చి, చిన్న లోహపు క్లిప్పుతో ఆ నాళాన్ని బిగించి, ఆమ్లాన్ని అణిచే పాంటోప్రజోల్‌ను 72 గంటల పాటు సెలైన్‌లో నడిపించారు. ఆ ఇంటి దూలమంత మనిషికి కోత అవసరం లేకుండా, గొంతు గుండా వెళ్లిన గొట్టంతోనే పని జరిగిపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చూడవచ్చిన బంధువులు మాత్రం ఆవకాయనూ, టెన్షన్‌నూ తిట్టారు. కారం మంట పెంచవచ్చు గానీ పుండు పెట్టదు. అసలు దోషుల్లో రెండవది హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో దానిని పెంచి చూపినా వైద్యలోకం నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నాన్నగారికి మొదటి రోజు చేసిన పరీక్షలో ఆ క్రిమి కనిపించలేదు. రక్తం కారుతున్నప్పుడు, ఆమ్లం తగ్గించే మందులు పడినప్పుడు ఈ పరీక్షలో క్రిమి లేదని వచ్చినా నమ్మకూడదని డాక్టరమ్మ ముందే అన్నారు. కడుపులోని పుండు క్యాన్సర్ కాదని, పూర్తిగా మానిందని నిర్ధారించుకోవడానికి ఎనిమిది వారాల తరువాత మళ్లీ ఎండోస్కోపీ చేసినప్పుడు, రెండు వారాల ముందు నుంచి పాంటోప్రజోల్ ఆపించి చేసిన పరీక్షలో అది దొరికింది.

వెంటనే 14 రోజుల చికిత్స మొదలైంది: ఆమ్లం తగ్గించే మాత్ర, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ అనే రెండు యాంటీబయాటిక్స్. నోరంతా తుప్పు రుచిగా ఉందని నాన్నగారు రోజూ సణుగుతూనే అన్నీ మింగారు. మూడవ రోజు విరేచనం మళ్లీ నల్లగా అయిందని అమ్మ గాభరాగా పిలిచింది. బిస్మత్ వల్ల అలా అవుతుందని చీటీ మీద రాసే ఉంది. అయినా ఈసారి నేను లోపలికి వెళ్లి చూశాను. జిగట లేదు, ఆ వాసన లేదు, ఒక చెంబు నీళ్లకే పోయింది. నాన్నగారికి కళ్లు తిరగడం లేదు. అయినా ఆసుపత్రికి ఫోన్ చేసి ఇవన్నీ ఒక్కొక్కటిగా చెప్పి, మందులు కొనసాగించమన్నాకే ఆ పూట మాత్రలు ఇచ్చాను. క్రిమి పోయిందో లేదో తేల్చే ఊపిరి పరీక్షకు, యాంటీబయాటిక్స్ ముగిసిన నాటి నుంచి నాలుగు వారాలు ఆగాలి. అంతవరకు మోకాళ్లకు పారసిటమాల్, పైన రాసుకునే ఆయింట్‌మెంట్ మాత్రమే.