తొమ్మిది క్యాప్సూళ్ళ లెక్క

మూడేళ్ళ క్రితం, సంక్రాంతి సెలవులయ్యాక కాలేజీ తెరిచిన రోజు. బోర్డు మీద బెంజీన్ వలయం గీయబోతే చాక్‌పీసు వేళ్ళలో నిలవలేదు. ముందు బెంచీలో పిల్ల తీసిచ్చి "చలి కదా మేడమ్" అంది. కాకినాడలో అంత చలి ఎక్కడిది!

అప్పటికే నెలరోజులుగా పొద్దున లేవగానే పిడికిలి బిగిసేది కాదు. గంట దాటితే గానీ కాఫీ ఫిల్టర్ మూత తిప్పలేకపోయేదాన్ని. రెండు చేతులకీ అవే వేళ్ళు, అవే కణుపులు వాచాయి. చికున్‌గున్యా ఏమో అనుకున్నాం. అత్తయ్యగారు "వాతమే, వంకాయా దుంపలూ మానెయ్యమ్మా" అన్నారు. మానేశాను. వంకాయ లేని దిగులు మిగిలింది గానీ వాపు తగ్గలేదు.

కీళ్ళ జబ్బులు చూసే రుమటాలజిస్టు చేతులు నొక్కి చూసి పరీక్షలు రాశారు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ 42, ఈ జబ్బుని పట్టిచ్చే యాంటీ సీసీపీ పాజిటివ్. రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ళ లోపలి పొర మీద పడుతుందన్నమాట. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, మరో రోజు ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్. నాలుగు నెలలకి పిడికిలి బిగిసింది.

బుద్ధిగా ఉంటే అక్కడితో కథ అయిపోయేది. మా ఆడపడుచు ఫోన్ చేసి "ఆ మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందట కదా వదినా" అంది. క్యాన్సర్‌కీ వాడతారు, కాకపోతే చాలా పెద్ద మోతాదుల్లో. ఆ తేడా అప్పుడు నా బుర్రకెక్కలేదు. పైగా నేను కెమిస్ట్రీ లెక్చరర్ని, కొవ్వు ఆమ్లాల పాఠం ఏటా చెబుతాను. ఆ పొగరూ కొంత ఉంది.

చేపనూనె వాపు తగ్గిస్తుందని నేను చదివినది తప్పేమీ కాదు. కణాల పొరల్లో ఉండే అరాకిడోనిక్ ఆమ్లం ఒమేగా-6 జాతిది. దాన్నుంచే వాపునీ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. చేపనూనెలో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ ఒమేగా-3లు. అవి ఆ పొరల్లోనే చోటు సంపాదించి, ఆ తయారీ చేసే ఎంజైముల కోసం పోటీ పడతాయి. అప్పుడు తయారయ్యే పదార్థాలకు వాపు రేపే శక్తి తక్కువ. ఇంకేం, ఒమేగా-6 ఎక్కువని సన్‌ఫ్లవర్ నూనె డబ్బా పనమ్మాయికి ఇచ్చేశాను. అవిసెగింజల పొడి, రోజుకొక చేపనూనె క్యాప్సూల్ మొదలుపెట్టి, డాక్టరుగారికి చెప్పకుండా మాత్రలు మానేశాను.

ఏడో వారానికి మోకాలు కొబ్బరికాయంత వాచింది. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే మావారి భుజం కావాల్సొచ్చింది. కుడి చూపుడు వేలు అప్పుడు వంకర తిరిగింది, ఇంకా అలాగే ఉంది.

డాక్టరుగారు కోప్పడలేదు. "మీరు లెక్కల మనిషే కదా, ఆ సీసా వెనక చదవండి" అన్నారు. వెయ్యి మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో ఈపీఏ 180, డీహెచ్ఏ 120. అంటే 300. కీళ్ళ మీద గుణం కనబడిన పరీక్షల్లో ఇచ్చింది రోజుకి దాదాపు మూడు గ్రాములు, అదీ మూడు నెలల పాటు. నా లెక్కన తొమ్మిది, పది క్యాప్సూళ్ళు. నేను మింగింది ఒకటి! అవిసెగింజల్లో ఉన్న ఒమేగా-3 వేరే రకం. అందులో ఈపీఏగా మారేది చాలా కొంచెం. పోనీ తొమ్మిదీ మింగినా, నొప్పి మాత్రల అవసరం తగ్గుతుందేమో గానీ కీలు అరిగిపోకుండా ఆపే పని మెథోట్రెక్సేట్‌దేనన్నారు.

విటమిన్ డి నాకు 11 ఉంది, అంటే బాగా తక్కువ. వారానికొక 60,000 యూనిట్ల పొడి, ఎనిమిది వారాలు తాగించారు. తొడల్లో పీకుడు, నీరసం పోయాయి. వేళ్ళ వాపు మాత్రం అంతే ఉంది. అమెరికాలో పాతిక వేలమందికి పైగా మీద ఐదేళ్ళు చేసిన పరిశోధనలో రోజూ విటమిన్ డి వేసుకున్నవాళ్ళకి ఇలాంటి జబ్బులు 22 శాతం తక్కువగా వచ్చాయట. అది జబ్బు రానివాళ్ళ సంగతి. వచ్చేశాక లెక్క వేరు.

నాకు అసలు పనికొచ్చిన విటమిన్ ఆ పసుపురంగు ఫోలిక్ యాసిడ్ మాత్రే. మెథోట్రెక్సేట్ అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా నటించి దాని పనికి అడ్డుపడుతుంది. అందుకే నోటిపూత, వికారం. మరో రోజు వేసుకునే విటమిన్ వాటిని తగ్గిస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే 1940లలో అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. దానికి అడ్డుపడే మందులూ అక్కడినుంచే వచ్చాయి. పాతికేళ్ళుగా కెమిస్ట్రీ చెబుతూ ఇది నా మాత్రల డబ్బా చూసుకునేదాకా తెలుసుకోకపోవడం సిగ్గుగానే అనిపించింది.

ఇప్పుడు ఆదివారం రాత్రి మెథోట్రెక్సేట్. మా అబ్బాయి క్యాలెండర్లో ఎర్రసున్నా చుడతాడు, ఎందుకంటే పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. రెండు మూడు నెలలకోసారి లివర్ పరీక్ష. చేపలు మానలేదు. వారానికి రెండుసార్లు కానాగంతలో, కవళ్ళో, పులుసే. వేపుడు చేసి మళ్ళీ ఆ నూనే తాగడం దేనికి? పులస మాట ఎత్తకండి, ఆ ధరకి నెల మందులొస్తాయి. నొప్పి మాత్ర వేసుకుని ఐదు నెలలైంది. అందులో చేప వాటా ఎంతో, మందు వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

మొన్న ఆడపడుచు మళ్ళీ ఫోన్ చేసింది. వాళ్ళ పక్కింటావిడకీ ఇదే జబ్బట, ఏ కంపెనీ చేపనూనె మంచిదని అడిగింది. సీసా వెనక ఈపీఏ, డీహెచ్ఏ కలిపి ఎంతుందో చూడమన్నాను. "మాత్రలు వేసుకుంటోంది కదా?" అని అడిగాను. మానేసి పది రోజులైందట. ఆవిడ నంబరు తీసుకున్నాను.