ఎనుగు పట్టణం బస్సులు

మా బాపుకు రెండు బస్సులున్నాయి. పెళ్లిళ్లకు, వేములవాడకు, కొండగట్టుకు, మేడారం జాతరకు కిరాయికి వెళ్తాయి. గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్ల వాళ్లే మాకు పాత గిరాకీ. మూడేళ్ల కింద బాపు గుండెకు స్టెంటు వేశారు. అప్పటి నుంచి డ్రైవర్ల బత్తా, డీజిల్ చిట్టీలు, లెక్కల పుస్తకం అన్నీ నేనే చూస్తున్నాను. అయినా ఫోను ఎత్తగానే అవతలివాళ్లు, "ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే ఇవ్వమ్మా, కిరాయి మాట్లాడాలి" అంటారు.

అందుకే నైజీరియా నటి జెనీవీవ్ న్నాజీ తీసిన ‘లయన్‌హార్ట్’ నాకు పరాయి దేశపు సినిమా అనిపించలేదు. నైజీరియాలో ఒక బస్సుల కంపెనీ. గుండెజబ్బుతో యజమాని పక్కకు తప్పుకోవాల్సి వస్తుంది. పని అంతా తెలిసిన కూతురు అదాయెజే ఉండగా, తన తమ్ముడికి పగ్గాలు అప్పగిస్తాడు. ఆ కూతురి వేషం వేసింది జెనీవీవే. దర్శకత్వం కూడా ఆమెదే, అదే మొదటిసారి. తండ్రి నోట బాబాయి పేరు విన్న క్షణంలో ఆమె ముఖం చూడండి. కేకలు లేవు, కన్నీళ్లు లేవు. అవమానం గొంతు దాకా వచ్చి ఆగిపోయినట్టు ఉంటుంది, అంతే. మా కాకను పిలిపిద్దామని చుట్టాలందరూ అన్న రోజు నేనూ అలాగే కూర్చున్నాను. ఆ తర్వాత ఆమె బాబాయిని శత్రువును చేసుకోకుండా, కలుపుకొనిపోయి కంపెనీని అప్పుల నుంచి గట్టెక్కిస్తుంది. నాకు బాగా నచ్చింది అదే.

కథ జరిగేది ఎనుగులో. పేరు విని బాపు "ఏనుగా?" అన్నాడు. వాళ్ల ఇగ్బో భాషలో కొండ మీద అని అర్థమట. అక్కడా బొగ్గు గనులే, 1915లో తవ్వకం మొదలైంది, ఇప్పటికీ బొగ్గు నగరమనే పిలుస్తారు అనగానే లేచి కూర్చున్నాడు. 1949 నవంబరులో అక్కడి ఇవా లోయ గని కార్మికుల మీద బ్రిటిష్ పాలనలోని పోలీసులు కాల్పులు జరిపితే 21 మంది చనిపోయారని చెప్పాను. మా తాత భూగర్భ గనిలో పనిచేసినవాడు. బాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

జెనీవీవ్ 1979లో పుట్టింది. ఎనిమిది మంది పిల్లల్లో నాలుగోది. తండ్రి ఇంజనీరు, తల్లి చిన్నపిల్లల బడిలో టీచరు. లాగోస్‌లో పెరిగింది. ఎనిమిదేళ్లకే ‘రిపుల్స్’ అనే టీవీ సీరియల్‌లో నటించింది, 19 ఏళ్లకు సినిమాల్లోకి వచ్చింది. అప్పట్లో అక్కడి సినిమాలు ఎక్కువగా హాళ్లకు రాకుండా, నేరుగా వీడియో క్యాసెట్లుగా బజారులో అమ్ముడయ్యేవి. 2004లో ఆ క్యాసెట్ల వ్యాపారులు, పారితోషికం ఎక్కువ అడుగుతున్నారని పేరున్న నటీనటులను కొందరిని వెలివేశారు. వాళ్లలో ఆమె ఒకరు. ఇంట్లో కూర్చోలేదు, ఆ ఏడాదే పాటల ఆల్బమ్ తెచ్చింది. మరుసటి ఏడాది, 2005లో, ఆఫ్రికా మూవీ అకాడమీ అవార్డులు మొదలైనప్పుడు తొలి ఉత్తమ నటి ఆమే! చేసిన పనికి తగిన కూలి అడగడం తప్పెలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

‘లయన్‌హార్ట్’ 2018లో టొరంటో సినిమా ఉత్సవంలో ఆడింది. నైజీరియా మొట్టమొదటిసారి ఆస్కార్‌కు పంపిన సినిమా కూడా అదే. 2019 నవంబరులో దాన్ని పోటీ నుంచి తీసేశారు. 95 నిమిషాల సినిమాలో ఇగ్బో మాటలు సుమారు 11 నిమిషాలే, మిగతా ఎక్కువ భాగం ఇంగ్లీషు కాబట్టి అంతర్జాతీయ విభాగానికి తగదన్నారు. ఇది మేం మాట్లాడుకునే తీరు, 500కు పైగా భాషలున్న మా దేశంలో ఇంగ్లీషే వారధి, మమ్మల్ని ఎవరు పాలించాలో మేం ఎంచుకోలేదు అని ఆమె జవాబిచ్చింది. నాకు కోపం వచ్చింది. మా ఆఫీసులో డ్రైవర్లతో తెలుగు, రామగుండంలో పనిచేసే ఉత్తరాది వాళ్లతో హిందీ, రసీదు మీద ఇంగ్లీషు. ఇందులో ఏది తీసేసినా అది మా ఆఫీసు కాదు.

సినిమాను ఇద్దరం రెండు రాత్రుల్లో చూశాం. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు బాపు చదవలేడు, నేను చెబుతూ పోయాను. చివరికి వచ్చేసరికి నా మాటలు వినడం మానేసి ఆమె ముఖమే చూస్తున్నాడు. పొద్దున కరీంనగర్ నుంచి పెళ్లి బేరం ఫోను వచ్చింది. బాపు ఎత్తి, "మా బిడ్డతో మాట్లాడండి, రేటు ఆమే చెబుతుంది" అని ఫోను నా చేతికిచ్చాడు.