ఏనుగు కథ కింద ఏ నీతి రాయాలి? – నా అనుభవం

నిన్న సాయంత్రం పిల్లల కథల కార్డులు ప్రెస్‌కి వెళ్లిపోయాయి. చిరాకు ఇంకా తగ్గలేదు గానీ, మర్చిపోకముందే రాసేస్తున్నాను. ఇలాంటి పని నెత్తికెత్తుకునేవాళ్లకి పనికొస్తుంది.

వేసవి సెలవుల్లో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకి ఐదు కథలు, తలా ఒక సంప్రదాయం నుంచి. కథకో కార్డు. కార్డు అడుగున గడి కట్టి, అందులో ఒక్క వాక్యంలో 'నీతి' వేయాలన్నది నిర్వాహకుల షరతు. కథలు ఎంచడం ఒక్క పూట పని. ప్రాణం తీసింది ఆ గడి.

పంచతంత్రంలో ముంగిస కథతో పేచీ లేదు. పామును చంపి బిడ్డను కాపాడిన ముంగిసని, మూతికి రక్తం చూసి తొందరపడి చంపేస్తారు. వేల్స్‌లో బెడ్‌గెలర్ట్ అనే ఊళ్లో ఇదే కథ తోడేలు, వేటకుక్కలతో చెబుతారు. ఎక్కడ చెప్పినా నీతి ఒకటే.

కిసా గోతమి కథలో ఒక్క జాగ్రత్త. చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని బుద్ధుడు చెప్పింది చనిపోయిన బిడ్డను చంకనేసుకుని తిరుగుతున్న తల్లికి. సువార్తల్లోనూ ఆవగింజ ఉపమానం ఉంది, అది దేవుని రాజ్యం ఎలా పెరుగుతుందో చెప్పేది. రెండూ ఒకే రోజు చెప్పకండి, పిల్లలు కలిపేస్తారు.

మంచి సమరయుడి కథ, అంటే దొంగలు కొట్టి పడేసిన బాటసారిని ఇద్దరు చూసీ చూడనట్టు పోతే మూడోవాడైన సమరయుడు ఆదుకున్న కథ. దాని కింద అందరూ 'కష్టంలో ఉన్నవారికి సాయం చేయాలి' అని రాస్తారు. ఆ ముక్కకి అంత కథ అక్కర్లేదు. లూకా పదో అధ్యాయంలో ధర్మశాస్త్రం తెలిసినవాడొకడు 'నా పొరుగువాడెవడు?' అని అడిగితే యేసు ఈ కథ చెప్పి, ప్రశ్నను తిప్పి వేస్తాడు: ముగ్గురిలో పొరుగువాడైంది ఎవడు? 'జాలిపడినవాడే' అంటాడు తప్ప, ఆ పెద్దమనిషి నోట 'సమరయుడు' అన్న మాటే రాదు. యూదులకీ సమరయులకీ పొత్తు లేదని ముందు చెప్పకపోతే, గాయాలకి పోసిన నూనె, ద్రాక్షారసం, పూటకూళ్లవాడికిచ్చిన రెండు దేనారాలు అన్నీ వట్టి వివరాలైపోతాయి.

నూతిలో తలకిందులుగా వేలాడుతూ తేనెచుక్కలకి నోరు చాచే మనిషి కథ స్త్రీపర్వంలోది. విదురుడు చెప్పింది నూరుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న ధృతరాష్ట్రుడికి. జైనులు దీన్నే మధుబిందు కథగా చెప్పుకుంటారు. ఇక్కడా ఎవరికి చెప్పారన్నది వదిలేస్తే సగం కథ పోయినట్టే.

ఇక ఏనుగు. అంధగజ న్యాయం, అంటే గుడ్డివాళ్లు ఏనుగును తడిమి తలో మాట చెప్పే కథ. మొదట గడిలో 'అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే' అని రాశాను, నిర్వాహకులు సంబరపడ్డారు. నమూనా కార్డు చదివి వినిపిస్తే ఓ పిల్ల లేచింది: "మరి అది ఏనుగని తెలిసినవాళ్లు ఒకరున్నారుగా? వాళ్లెవరు?" నా దగ్గర జవాబు లేదు. పదిమంది ముందు తల దించుకున్నాను. తప్పు పిల్లది కాదు, నేను రాసిన వాక్యానిది.

మూలానికి వెళ్లాను. ఉదానం అనే పాళీ బౌద్ధ గ్రంథంలో ఆరో వర్గం, నాలుగో సుత్తం. శ్రావస్తిలో వేరు వేరు మతాలవాళ్లు లోకం శాశ్వతమా కాదా, జీవుడూ దేహమూ ఒకటా వేరా అని మాటలతో పొడుచుకుంటున్నారు. అప్పుడు బుద్ధుడు చెప్పిన కథ ఇది. పుట్టుగుడ్డి వాళ్లందర్నీ రాజు పోగుచేయించి, ఒక్కొక్కరికి ఒక్కో భాగం తడిమి చూపిస్తాడు. తల తడిమినవాళ్లకి కుండ, చెవికి చేట, తొండానికి నాగలి పొడుగు కర్ర, ఒంటికి గాదె, కాలికి స్తంభం, తొడకి రోలు, తోకకి రోకలి, తోక చివరి కుచ్చుకి చీపురు. పిడిగుద్దులు గుద్దుకుంటుంటే రాజు ముచ్చటపడతాడు. చూసినవాడు ఉన్నాడు, రాజే. అక్కడి నీతి 'అందరూ ఒకటే చెబుతున్నారు' కాదు. ఒక్క పక్క చూసినవాళ్లే దానికి అంటిపెట్టుకుని కొట్టుకుంటారని.

జైనులకి ఇదే కథ అనేకాంతవాదం: ఒక్కో మాటా దాని కోణంలో నిజమే, అదే మొత్తం అనడం తప్పు. పారసీక సూఫీ కవి రూమీ (1207–1273) రాసిన మస్నవీ కావ్యం మూడో సంపుటంలో గుడ్డివాళ్లే లేరు, ఏనుగున్న ఇల్లు చీకటి. నీళ్లగొట్టం, విసనకర్ర, స్తంభం, సింహాసనం అని తలో మాట అంటారు. ఒక్కొక్కరి చేతిలో దీపం ఉంటే తగువే ఉండదంటాడు ఆయన. మన వాచకాల్లో కనిపించే గోడ, బల్లెం, పాము, చెట్టు, విసనకర్ర, తాడు అనే వరస మాత్రం పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కవి జాన్ గాడ్‌ఫ్రీ సాక్స్ పద్యంలోది. అందులో తగవులాడుకునే వాళ్లెవరూ ఏనుగును చూడనేలేదు. నేను ఆ వరసకి బుద్ధుడి పేరు తగిలించి, ముగింపు సొంతంగా అతికించాను.

గడి తీసేయమంటే నిర్వాహకులు ఒప్పుకోలేదు. 'నీతి లేకపోతే నీతి కథ ఎలా అవుతుంది' అన్నారు. వారం రోజులు వాదన. కథల్ని ఇలా మాత్రల్లా నూరి పోసే అలవాటు పెద్దలది, పిల్లలది కాదు. చివరికి గడి ఉంచి లోపల నీతికి బదులు 'ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో చెప్పారు' అని ఒక్క వాక్యం వేశాం. మీరూ ఇలాగే చేయండి, సంపాదకుడు గొణిగినా సరే. ఆ వాక్యం రాయలేకపోతే మీకా కథ ఇంకా దొరకలేదన్నమాట.

చెప్పేటప్పుడు ఉదానం ముందు, రూమీ తర్వాత, వాచకంలోది ఆఖర్న చెప్పండి. తిరగేస్తే పిల్లల బుర్రలో వాచకం వరసే పాతుకుపోతుంది. చూపు లేని పిల్లలు గదిలో ఉంటే రూమీది ఒక్కటే చెప్పి, దీపం ఆర్పండి చాలు. కళ్లకి గంతలు కట్టొద్దు, అది ఆటగా మారి నవ్వులపాలవుతుంది. చేట, రోలు, రోకలి, చీపురు ముందే తెచ్చి గుడ్డ కప్పి ఉంచండి. పిల్లలు గుడ్డ కింద చెయ్యి పెట్టి తడిమి, ఇది ఏనుగులో ఏ భాగమో చెప్పాలి. మా దగ్గర రోలు ఎవరింట్లోనూ దొరకలేదు, మిక్సీ జారు పెట్టాల్సొచ్చింది.