మూడుంబావుకి దొరికింది

మంగళవారం, రాత్రి 10:30

పొద్దున ఏడున్నరకే బెంగళూరు పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియా సెకండ్ స్టేజ్ చేరాను. అక్కడ ఒక షెడ్‌లో సీఎన్‌సీ మెషీన్ (కంప్యూటర్‌తో నడిచే యంత్రం) రోజుకు ఒకటి రెండుసార్లు ఉన్నట్టుండి ఆగిపోతోంది. కరెంటు పోదు, లైట్లు ఒక్కసారి మినుక్కుమంటాయంతే. మాట మాత్రం ఆపరేటర్ పడుతున్నాడు. హిందూపురం కుర్రాడు. "నేనేం ముట్టుకోలేదన్నా, దానంతటదే ఆగిపోతాంది" అని పోయిన వారం అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

అప్పుడు అనలైజర్‌ను (సప్లైని కొలిచి రాసుకునే మీటర్) నిమిషానికో సగటు రాసుకునేలా పెట్టి వచ్చాను. నాలుగు రోజుల లాగ్‌లో 236, 237, 236 వోల్ట్లు. గీత గీసినట్టుంది. "సప్లై బాగానే ఉంది కదండీ" అన్నారు సూపర్‌వైజర్‌గారు. ఆ రిపోర్ట్ ఇచ్చింది నేనే. వారమంతా మనసు పీకుతూనే ఉంది. 50 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు యాభై సైకిళ్ల కరెంటులో, ఐదు సైకిళ్లంటే 100 మిల్లీసెకన్లు. అంతసేపు వోల్టేజ్ 140కి పడిపోయినా, నిమిషం సగటులో పావు వోల్ట్ కూడా తగ్గదు. లేదనుకున్నది లేక కాదు, నేను చూసిన తీరులో కనిపించక.

అందుకే ఇవాళ ఈవెంట్ ట్రిగ్గర్ పెట్టాను, వోల్టేజ్ హద్దు దాటి పడగానే ఆ క్షణాన్ని రాసుకునేలా. గ్లౌజులు వేసుకుని మెషీన్ ప్యానెల్ దగ్గర కరెంట్ కొలిచే క్లాంపులు తగిలిస్తే, మూడు ఫేజుల్లో ఒకటైన వై ఫేజ్‌లో కిలోవాట్లు మైనస్‌లో వచ్చాయి. క్లాంప్ మీది బాణం లోడ్ వైపు లేదు. తిప్పి పెట్టాను. నామినల్ (ఉండాల్సిన వోల్టేజ్) దగ్గర 415 ఉంది, అది రెండు ఫేజుల మధ్య లెక్క. కొలిచేది ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య కాబట్టి 240 చేశాను. అలాగే వదిలేస్తే మీటర్ పొద్దస్తమానం డిప్ (వోల్టేజ్ కాసేపు పడిపోవడం) అనే అంటుంది. డిప్ హద్దు 90 శాతం, అంటే 216 వోల్ట్లు. హిస్టెరిసిస్ 2 శాతం, అంటే వోల్టేజ్ ఆ హద్దుకు అంత పైకి వస్తేనే డిప్ ముగిసినట్టు. అది లేకపోతే వోల్టేజ్ ఆ అంచు మీద ఊగిసలాడినప్పుడు ఒకే డిప్‌ను పదిగా రాసేస్తుంది. వోల్టేజ్ విలువ (ఆర్‌ఎంఎస్) ప్రతి అర సైకిల్‌కూ లెక్కేయమన్నాను. ట్రిగ్గర్‌కు ముందు పది సైకిళ్లు, తర్వాత ముప్ఫై సైకిళ్ల వేవ్‌ఫామ్ (అల ఆకారం) దాచుకోమన్నాను. ఆ ముందు పది సైకిళ్లే నాకు ముఖ్యం. గడియారం ఏడు నిమిషాలు వెనక ఉంటే సరిచేశాను.

మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. భోజనమైంది, రెండు టీలయ్యాయి. 3:16కి మెషీన్ ఆగింది. కుర్రాడు రెండు చేతులూ పైకెత్తి నావైపు చూశాడు. పరుగున వెళ్లి చూస్తే లిస్ట్‌లో ఒకే ఒక్క ఈవెంట్. బి ఫేజ్, 142 వోల్ట్లు, 100 మిల్లీసెకన్లు.

వేవ్‌ఫామ్ తెరిచి చూశాను. ముందు సైకిళ్లు గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. తర్వాత బి ఫేజ్ అల ఒక్కసారిగా కుంచించుకుపోయింది. దానికింద కరెంట్ పెరగలేదు, ఇంకా తగ్గింది. వోల్టేజ్ తేరుకున్నాకే ఎగిరింది. మెషీనే లాగి పడేసి ఉంటే వోల్టేజ్ పడేటప్పుడే కరెంట్ పైకి లేవాలి. కాబట్టి ఇది ప్యానెల్‌కు సప్లై వచ్చే వైపు నుంచి వచ్చింది. సూపర్‌వైజర్‌గారిని పిలిచి స్క్రీన్ మీద వేలుపెట్టి చూపించాను. కాసేపు చూసి, "అయితే వీడిది కాదన్నమాట" అన్నారు. ఆ మాట కుర్రాడి ముందే అనడం నాకు చాలా నచ్చింది.

"ఒక ఫోటో తీసుకోవచ్చా అన్నా?" అని అడిగాడు వాడు. తీసుకోమన్నాను.

రేపు క్లాంపులు మెయిన్ ఇన్‌కమర్‌కు (షెడ్‌లోకి కరెంటు వచ్చే చోటుకు) మార్చాలి. షెడ్‌లోనే ఇంకేదైనా లోడ్ లాగుతోందా, బయటి లైన్ నుంచే వస్తోందా అన్నది అక్కడ తేలాలి. మీటర్ ఈ రాత్రికి మెషీన్ ప్యానెల్ దగ్గరే ఉంది.