జవాబు దొరకని ఒక్క వెలుగు

రాత్రి ఆకాశంలో అంతుపట్టని వెలుగేదైనా కనిపిస్తే టైమూ, దిక్కూ, ఎంతసేపు ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకు పదకొండేళ్ల అలవాటు. నలభై పైచిలుకు రాశాను. ఒక్కదానికి తప్ప అన్నిటికీ జవాబు దొరికింది.

మొదటిది నాన్న చూపించారు. డాబా మీద పడుకుని ఉన్నాం. "అదిగో, ఆ చుక్క కదులుతోంది చూడమ్మా" అన్నారు. నిజమే, పడమట ఒక పెద్ద చుక్క అటూ ఇటూ ఊగుతోంది. ఇద్దరికీ ఊగింది. నాన్న లేచి పిట్టగోడ దగ్గరికెళ్లి, గోడ అంచుకు ఆనించి చూడమన్నారు. ఊగులాట ఠక్కున ఆగిపోయింది. అది శుక్రుడు. పోల్చుకోడానికి పక్కన ఏమీ లేని చీకట్లో ఒంటి చుక్కని రెప్పవేయకుండా చూస్తే కదిలినట్టే ఉంటుంది. దీని పేరు ఆటోకైనెటిక్ ఎఫెక్ట్ అని తర్వాత తెలిసింది. అది చూసినవాళ్లు అబద్ధం చెప్పినట్టు కాదు. వాళ్లకు అలాగే కనిపిస్తుంది మరి.

నోట్‌బుక్‌లో ఎక్కువ భాగం ఉపగ్రహాలే. వ్యోమగాములు ఉండే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. మనకు చీకటి పడ్డాక కూడా అక్కడ ఎండ ఉంటుంది. నడినెత్తిన వెలిగిపోతూ వెళ్తున్నది భూమి నీడలోకి దూరగానే ఎవరో ఆర్పేసినట్టు మాయమవుతుంది. 2019 మేలో ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు మొదటి 60 వెళ్లినప్పుడైతే, దండలా సాగిన ఆ వరస చూసి ఎన్నో దేశాల్లో జనం హడలిపోయారు.

చూసినవాళ్లని నవ్వులపాలు చేయడం మాత్రం నాకు గిట్టదు. ఉరుముల మబ్బుల పైన ఎర్రటి వెలుగులు లేచాయని పైలట్లు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1989లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు వేరే పని కోసం ఒక కెమెరాను పరీక్షిస్తుంటే అందులో అనుకోకుండా అవే పడ్డాయి. ఇప్పుడు వాటిని స్ప్రైట్‌లు అంటున్నాం. బలమైన పిడుగు పడ్డ వెంటనే, 50 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, సెకనులో చిన్న వంతు సేపు. నార్వేలో హెస్‌డాలెన్ అనే లోయ ఉంది. అక్కడ కనిపించే అంతుపట్టని వెలుగుల కోసం 1998 నుంచి కెమెరాలు కాపలా కాస్తున్నాయి. అందరూ ఒప్పుకునే కారణం ఇంకా తేలలేదు.

ఇక నా ఒక్కటి. రాత్రి 2.40, దక్షిణం వైపు. చుక్క లేని చోట ఒక తెల్లని వెలుగు పుట్టి, పెరిగి, అక్కడే ఆరిపోయింది. ఎనిమిది అంకెలు లెక్కపెట్టాను. ఉల్క సూటిగా మనవైపే వస్తే కదలకుండా మెరిసినట్టు ఉంటుంది, కానీ అంతసేపు ఉండదు. దగ్గరి కక్ష్యలో తిరిగే ఉపగ్రహం మీద ఎండ తళుక్కుమన్నదనుకుందామంటే, ఆలోపు అది కొంతైనా పక్కకు జరగాలి. ఎదురుగా వచ్చే విమానం లైటయితే మలుపు తిరిగాక ఎరుపో ఆకుపచ్చో కనిపించాలి, చప్పుడైనా వినిపించాలి. చాలాసేపు అక్కడే నిలబడ్డాను, ఏమీ రాలేదు.

పిట్టగోడ నాకు రెండడుగుల దూరంలోనే ఉంది. ఆ ఎనిమిది సెకన్లలో దాని అంచుకు ఆనించి చూడాలని తోచలేదు. కదల్లేదని రాసుకున్నాను గానీ, ఆ మాట పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టాను.